బొటనవేలి కింద ఆరు నిమిషాలు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. ఇప్పుడు టైమెంతని నన్నెవరూ అడగరు, అడిగినా నాకు తెలియదు. ఫలానా పనికి ఎంతసేపు పట్టిందన్నదొక్కటే నేను చెప్పగలను. నా నెత్తిన ఒక బొడిపె ఉంది. ఒకసారి నొక్కితే పరిగెత్తుతాను, రెండోసారి నొక్కితే ఆగుతాను, మూడోసారి నొక్కితే నా ముల్లు అంతా మరిచిపోయి సున్నా దగ్గరికి వచ్చి నిలబడుతుంది. మరిచిపోయేది ముల్లే. నేను కాదు.

సెకనుకు ఐదు టిక్కులు నా నడక. చలిదేశంలో ఒక కిటికీ పక్కన, కంటికి భూతద్దం తగిలించుకున్న ఒకావిడ నన్ను బిగించింది. మూడు రోజులు నన్ను అనుమానిస్తూనే ఉంది. వెల్లకిలా పెట్టి చూసింది, బోర్లా పెట్టి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నది. నన్ను అనుమానించిన ఆఖరి మనిషి ఆవిడే. తరవాత చేతుల్లోకి తీసుకున్నవాళ్ళంతా నన్ను నమ్మారు. నాకొచ్చిన కష్టమంతా ఆ నమ్మకంతోనే వచ్చింది.

ఓడెక్కి బొంబాయి, రైలెక్కి గుంటూరు చేరాను. అక్కడొక డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టారు జెకర్యా గారి మెడలో పడ్డాను. ఆయన బొటనవేలు ఎండిన కర్రముక్కలా ఉండేది. ప్రేమగా నొక్కడం, కోపంగా నొక్కడం దానికి తెలియదు. పరుగుపందెం రోజున పాణి అనే విద్యార్థిని పక్కన నిలబెట్టుకునేవారు. అతని పూర్తి పేరు దండమూడి కోదండపాణి. కుడి మోకాలు వంగదు, పరిగెత్తలేడు. పరిగెత్తేవాళ్ళను మాత్రం నోరు తెరుచుకుని చూసేవాడు. మాస్టారికి నచ్చనిది అదే.

"ఒరే పాణీ, పరిగెత్తేవాణ్ణి చూడబాకరా. గీతని చూడు. మనిషిని చూశావంటే వాడు నీకు నచ్చుతాడు, లేకపోతే నచ్చడు. గీత నీకేమవుద్ది? ఏమీ కాదు. అందుకని దాన్నే చూడాలి. ముందుకాలు దాని మీదకొచ్చిందా, నొక్కెయ్. అంతే."

మాస్టారు రిటైరైన రోజున నన్ను తన మెడలోంచి తీసి పాణి మెడలో వేశారు. పూలదండ కూడా లేని సన్మానం. పాణి కళ్ళు తుడుచుకున్నాడు.

తరవాత పదిహేనేళ్ళకు పాణి కోదండపాణి గారయ్యాడు. బెజవాడ గవర్నరుపేటలో ఒక మేడ మీద గదిలోంచి 'మట్టిదారి' అనే మాసపత్రిక వచ్చేది. రోడ్డు బళ్ళ గురించి కాదు. గుట్టలెక్కే, బురద తొక్కే, గాల్లోకి లేచే మట్టిబళ్ళ గురించి. ఏ బండి మంచిదో ఏది పనికిరాదో అందులో కోదండపాణి తేల్చేవాడు. మోకాలు వంగదు కనక స్కూటరు తప్ప ఈ బళ్ళు తను నడపలేడు. నడపడానికి బాజీ ఉండేవాడు. బాజీ ఒకప్పుడు ఎగ్జిబిషన్లలో చెక్కలబావి గోడల మీద చేతులు వదిలేసి మోటార్‌సైకిలు తిప్పిన మనిషి. బాజీ నడిపేవాడు, కోదండపాణి నన్ను నొక్కేవాడు, నేను చెప్పిందే పత్రికలో పడేది.

నా యజమాని నిప్పులాంటి మనిషని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. కంపెనీలు పత్రికల కోసమని ఒక బండిని ప్రత్యేకంగా తయారుచేసి పంపుతాయి. ఇంజను లోపల సానపట్టి, మంచి చక్రాలు వేసి, పెళ్ళికూతుర్ని చేసి పంపినట్టు. కోదండపాణి దాన్ని తాకేవాడు కాదు. కొనుక్కున్న రైతు దగ్గరికో పాలవాడి దగ్గరికో వెళ్ళి వాళ్ళ బండి అడిగి తెచ్చేవాడు. పరీక్షకు ముందు బళ్ళ మీద పేర్లన్నీ నల్లటేపుతో కప్పేసేవాడు. కంపెనీవాళ్ళు పంపిన మిఠాయి డబ్బా విప్పకుండానే వెనక్కి వెళ్ళేది. గదిలో మిగతావాళ్ళు ఆ డబ్బా మెట్లు దిగుతుంటే జాలిగా చూసేవాళ్ళు.

ఎడిటరు ముక్కామల రాజారావు గారు చెడ్డవాడేం కాదు. భయస్తుడు. పత్రిక వెనకట్ట మీద రంగుల ప్రకటన ఏళ్ళ తరబడి ఒకే పెద్ద కంపెనీది. ఆఫీసులో ఆ కంపెనీ పేరెవరూ పలికేవాళ్ళు కాదు, 'వెనకట్టవాళ్ళు' అనేవాళ్ళు. వాళ్ళ కొత్త బండి తుఫాను. ఆ ఏడాది తుఫానుకి పోటీగా వచ్చింది, ఎవరూ ఊహించని చోటినుంచి, ఒక పిచ్చుక.

పిచ్చుక ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టింది. దాన్ని చేసినవాడు యాకూబ్. లేతు పని నేర్చినవాడు, కోదండపాణి స్కూటరుని పదిహేనేళ్ళుగా బాగుచేస్తున్నవాడు, రంజాన్ నెలలో హలీం గిన్నె మూత పెట్టి పంపేవాడు. పదేళ్ళు కష్టపడి, గొట్టాలు తనే వంచి, అతుకులు తనే పెట్టి తేలికైన బండి ఒకటి చేశాడు. ముందు మడ్‌గార్డు మీద వాళ్ళావిడ ఎర్రముక్కు పిచ్చుకను గీసింది. షెడ్డులో ఐదుగురు పనివాళ్ళు. హైదరాబాదు డీలరొకాయన వచ్చి చూసి వెళ్ళాడు. 'మట్టిదారి'లో దీనికి మొదటిస్థానం వస్తే నలభై బళ్ళు తీసుకుంటాను, లేకపోతే ఊరూపేరూ లేని బండిని నేను అమ్మలేను అన్నాడు. ఆ షెడ్డు నిలబడేదీ పడిపోయేదీ అందులోనే ఉంది.

"వెనకట్టవాళ్ళు ఫోన్ చేశారు పాణీ," అన్నాడు రాజారావు గారు, పరీక్షకు రెండ్రోజుల ముందు.

"చేస్తే?"

"ఏం లేదులే. ఊరికే బాగోగులు అడిగారు."

"బాగానే ఉన్నానని చెప్పండి."

ఆ ఫోను నా యజమానిని ఇంతైనా కదిలించలేదు. కదిలించింది తెనాలినుంచి వచ్చిన ఒక కార్డు ముక్క. ఒక పాఠకుడు రాశాడు: 'యాకూబ్ గారు మీ స్నేహితులని బెజవాడలో అందరికీ తెలుసు. ఈసారి మీ నిజాయితీ ఏపాటిదో చూస్తాం.' కోదండపాణి దాన్ని నాలుగుసార్లు చదివి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. నేను ఉండేదీ ఆ జేబులోనే. రెండు రోజులు ఆ కార్డూ నేనూ పక్కపక్కనే పడుకున్నాం. ఆయన గుండె నాకు వినబడుతూనే ఉంది. కంపెనీకి లొంగని గుండె ఆ కార్డు ముక్కకు లొంగిపోతోందని నాకు అర్థమైంది. నాకు నోరు లేదు.

కొండపల్లి దాటాక పాడుబడ్డ కంకర క్వారీ ఒకటుంది. ఎర్రమట్టి, నాలుగు గుట్టలు, ఒక ఇసుక మలుపు. ఆ మలుపు ఎక్కి వచ్చేచోట బళ్ళు బాగా నెమ్మదిస్తాయి. అక్కడే సున్నంతో గీత గీశారు. ఐదు చుట్లు తిరిగి, ముందు చక్రం గీతను తాకగానే లెక్క ఆగాలి. బరువు, బ్రేకులు, కూర్చునే తీరు, ఎక్కే బలం, అన్నీ పొద్దున్నే చూశారు. మార్కులు చెరి సమానం. ఇక మిగిలింది నేను చెప్పాల్సిందే.

ముందు తుఫాను. కోదండపాణి ఎడమచేత్తో ఎర్రగుడ్డ దించాడు, కుడిచేత్తో నన్ను నొక్కాడు. బాజీ ఐదు చుట్లు తిరిగి మలుపెక్కాడు. నా యజమాని బొటనవేలు పొడిగా ఉంది, మెడ వంచి ఉంది, చూపు సున్నం మీద ఉంది. అచ్చం జెకర్యా మాస్టారి శిష్యుడే. నొక్కాడు. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు, పైన రెండు టిక్కులు.

తరవాత పిచ్చుక. ఎర్రగుడ్డ దిగింది, నేను పరుగు మొదలెట్టాను. మూడో చుట్టు దాకా బొటనవేలు పొడిగానే ఉంది. నాలుగో చుట్టుకి తడిసింది. ఐదో చుట్టులో బండి మలుపెక్కుతుండగా నా యజమాని తలెత్తాడు. టేపు వేసినా పిచ్చుక ముక్కు అంచు ఎర్రగా బయటికి కనబడుతోంది. దాన్నే చూశాడు. పక్కన నిలబడ్డ యాకూబ్ ఊపిరి బిగబట్టాడు. ముందు చక్రం గీతను తాకింది. అప్పటికి నా లెక్క ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు, పైన ఒక్క టిక్కు. పిచ్చుక గెలిచింది.

బొటనవేలు మాత్రం కదల్లేదు. నొక్కరా తండ్రీ, నొక్కు అని నాలో నేనే మొత్తుకున్నాను. తొందరపడుతున్నానేమో, మనవాడని ముందే నొక్కుతున్నానేమో అని ఆ వేలు సందేహించింది. వెనక చక్రం కూడా గీత దాటింది, సున్నం ఎగిరింది, అప్పుడు దిగింది. మూడు టిక్కులు.

పిచ్చుక ఓడిపోయింది. నా ముఖం మీద అందరికీ కనబడేలా, ఎవరూ కాదనలేనట్టుగా.

బాజీ హెల్మెట్ తీసి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "లేద్సార్. పిచ్చుకే ముందొచ్చింది. నా ఒంటికి తెలుస్తది."

"ఒంటికి తెలిస్తే సరిపోదు బాజీ. గడియారానికి తెలియాలి."

"పోనీ ఇంకోసారి పెట్టండి సార్. ఎంతసేపు, ఆరు నిముషాలేగా?"

కోదండపాణి చెయ్యి జేబు మీదికి, ఆ కార్డు మీదికి పోయింది. "మళ్ళీ పెడితే యాకూబ్ కోసం మళ్ళీ పెట్టానంటారు. వద్దు."

యాకూబ్ దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు దాక్కోవాలనిపించింది. "అంతేలే బాజీ," అన్నాడు చివరికి. "గడియారం ఎవరికి చుట్టం? అది చెప్పిందంటే చెప్పిందే. ఇంకో ఐదోవంతు సెకను నేను తగ్గించి ఉండాల్సింది." బండిని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. స్టార్టు చెయ్యలేదు.

ఆ నెల 'మట్టిదారి'లో వ్యాసం పేరు 'నా స్నేహితుడి బండి ఓడిపోయింది'. ఎంత బాగా రాశాడో! ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. నిజాయితీ అంటే ఇదీ అన్నారు. తెనాలి పాఠకుడు క్షమాపణ చెప్పుకుంటూ కార్డు కాదు, కవరే రాశాడు. ఒక క్లబ్బువాళ్ళు శాలువా కప్పారు. వెనకట్టవాళ్ళు మరో రెండేళ్ళకు వెనకట్ట తీసుకున్నారు. మిఠాయి డబ్బా మళ్ళీ వచ్చింది, కోదండపాణి మళ్ళీ తిప్పి పంపాడు. ఒకడు చెయ్యరాని అన్యాయం చేసి ఇంతమంది చేత మెచ్చుకోలు పొందగలడని నేను అనుకోలేదు. పాపం, తను చేశానని ఆయనకే తెలియదు.

హైదరాబాదు డీలరు యాకూబ్ ఉత్తరాలకు జవాబివ్వలేదు. ఐదుగురు పనివాళ్ళలో ముగ్గురు వెళ్ళిపోయారు, తరవాత ఇద్దరు. ఆరునెలలకి షెడ్డు రేకులు విప్పారు. తయారైన పిచ్చుకల్లో అమ్ముడుపోనివి విడదీసి సామానుగా అమ్మేశారు. స్కూటరు బాగుచేయించుకోవడానికి కోదండపాణి వేరే మెకానిక్‌ని వెతుక్కున్నాడు. యాకూబ్ వద్దన్నందుకు కాదు, వెళ్ళడానికి మొహం చెల్లక. 'నేనేం తప్పు చేశాను' అని తనలో తను గొణుక్కునేవాడు. రంజాన్ వచ్చింది, పోయింది. హలీం గిన్నె రాలేదు.

రెండేళ్ళ తరవాత గుంటూరు వెళ్ళాం. జెకర్యా మాస్టారు కంటిపొరలు తీయించుకుని మళ్ళీ చదవగలుగుతున్నారు. శిష్యుడి పాత వ్యాసాలన్నీ తెచ్చిపెట్టమని కబురు పెట్టారు. కోదండపాణి కట్టలు కట్టి తీసుకెళ్ళాడు, ఆ శాలువా సంచికను అన్నిటికంటే పైన పెట్టి. మాస్టారు కొత్త కళ్ళద్దాలు సర్దుకుని దాన్నే ముందు చదివారు. చదువుతూ చదువుతూ ఆగారు.

"ఈ ముక్క నువ్వే రాశావంట్రా?"

"ఏది మాస్టారూ?"

ఆయన వేలు పెట్టి, ఒక్కో మాటా విడదీసి పైకి చదివారు: "'పిచ్చుక వెనక చక్రం గీత మీది సున్నాన్ని ఎగజిమ్మింది. ఆ తెల్లటి దుమ్ములో నా మిత్రుడి పదేళ్ళ కష్టం మెరిసి మాయమైంది. నా బొటనవేలు కదిలింది.'"

"అవును. అందరూ మెచ్చుకున్న వాక్యాలవి."

"మెచ్చుకుంటార్లే. ఒరే పాణీ, వెనక చక్రం సున్నం చిమ్మాక నీ వేలు కదిలిందని నువ్వే రాసుకున్నావు. మరి ముందు చక్రం గీత మీదకొచ్చినప్పుడు ఏం చూస్తన్నావురా?"

కోదండపాణి నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. జేబులో నాకు తెలిసింది, గుండె ఒక్కసారి తప్పి మళ్ళీ కొట్టుకుంది.

"ముక్కు చూశాను," అన్నాడు. "పిచ్చుక ముక్కు. ఎర్రగా ఉంది."

"మరి మొదటి బండప్పుడో?"

"గీతనే చూశాను. దాని మీద ఎవరిదో చెప్పుకాలి ముద్ర ఉంది. మడమ దగ్గర సున్నం చెదిరి ఉంది." అంత వివరంగా గుర్తుండటమే తనకు ఉరితాడైందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. "మాస్టారూ, మనవాడని గెలిపించానంటారేమోనని భయపడ్డానండీ. దానికే భయపడ్డాను."

"డబ్బు తీసుకుని ఓడించినా బాగుండేదిరా," అన్నారు మాస్టారు. "ఎవరికన్నా ఒకళ్ళకి మేలు చేసినట్టయ్యేది. ఇది నీ పేరు కోసం చేశావు." ఆ మాట కఠినమే. కాని ఆయన శిష్యుడి భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

బెజవాడ రాగానే కోదండపాణి తప్పొప్పుకోలు రాసి రాజారావు గారి ముందు పెట్టాడు. ఆయన రెండుసార్లు చదివాడు.

"రెండేళ్ళనాటి టిక్కు సంగతి ఇప్పుడెవరడిగారయ్యా?"

"ఎవరూ అడగలేదు. అందుకే వెయ్యమంటున్నాను."

"వెనకట్టవాళ్ళు…" అని రాజారావు గారు ఆగి, నా యజమాని మొహం చూసి, నోరు మూసుకున్నాడు. వేశాడు కూడా. ఉత్తరాల పేజీ అడుగున, పజిలు జవాబుల పక్కన, నాలుగు వరుసలు. దానికీ జవాబులొచ్చాయి. 'రెండేళ్ళ తరవాత కూడా ఒక్క టిక్కు కోసం నిద్రపోని మనిషి! ధన్యులం!' తెనాలి పాఠకుడైతే ఆ నాలుగు వరుసలూ కత్తిరించి పటం కట్టించుకున్నానని రాశాడు. వచ్చిన ఉత్తరాలన్నీ నా యజమాని వరసగా విప్పి చూశాడు. పిచ్చుక ఏమైందని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆ కట్టను బల్లకింద చెత్తబుట్టలో కుక్కేసి, నన్ను జేబులో వేసుకుని బయల్దేరాడు.

యాకూబ్ బందరు రోడ్డులో ఒక సర్వీసు వర్క్‌షాపులో దొరికాడు. వెనకట్టవాళ్ళదే. ఒంటి మీద వాళ్ళ నీలం చొక్కా, గుండె మీద తుఫాను బొమ్మ. ట్యూబుకి వేడి అతుకు వేస్తున్నాడు. గడ్డం నెరిసింది.

"పాణి గారూ, రండి. స్కూటరేమన్నా తెచ్చారా?"

కోదండపాణి నిలబడే అంతా చెప్పాడు. ముక్కు, గీత, వెనక చక్రం, జేబులోని కార్డు, మాస్టారి ప్రశ్న. ఏదీ దాచలేదు. "నువ్వే గెలిచావు భాయ్. నేనే ఓడించాను," అన్నాడు.

యాకూబ్ చేతిలో రెంచీ పక్కన పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, వచ్చి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

"ఎందుకు చెప్పారు సార్?" అన్నాడు. పాణి గారు అనలేదు, సార్ అన్నాడు. "ఓడిపోయాననుకుని బతుకుతున్నా. నా పనిలోనే ఐదోవంతు సెకను తక్కువైందనుకున్నా. దానికి ఏడవక్కర్లేదు, పని ఇంకా నేర్చుకోవాలి, అంతే. ఇప్పుడు గెలిచానంటున్నారు. ఈ గెలుపుని నేనెక్కడ పెట్టుకోను? షెడ్డు లేదు, కుర్రోళ్ళు లేరు. ఒక్క పిచ్చుకైనా లేదు, ఇంకోసారి పెట్టి చూద్దామంటే."

కోదండపాణి నన్ను జేబులోంచి బయటికి తీశాడు.

"ఏదీ, ఆ గడియారం ఇటివ్వండి."

నన్ను చేతిలోకి తీసుకున్నాడు. గ్రీజు చేతులు, వెచ్చగా ఉన్నాయి. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. చలిదేశపు ఆవిడ తరవాత నన్నలా విన్నవాడు ఈయనొక్కడే. "రెండేళ్ళు నిన్నే తిట్టుకున్నా," అన్నాడు, నాతోనే. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

"నీ దగ్గరే ఉంచుకో భాయ్. నా చేతికి ఇది తగదు," అన్నాడు కోదండపాణి. అలా అని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తరవాత 'మట్టిదారి'లో రాయలేదని విన్నాను. ఇప్పుడక్కడ గీతకు అడ్డంగా వెలుతురు తీగ వేసి కొలిచే యంత్రం వచ్చిందట. దానికి బొటనవేలు లేదు. దాన్ని కానుకగా ఇచ్చింది వెనకట్టవాళ్ళే, వాళ్ళ బొమ్మ అంటించి.

నేనిప్పుడు యాకూబ్ పనిబల్ల మీద మేకుకు వేలాడుతుంటాను. ట్యూబుకి అతుకు వేసి బిగించాక ఏడు నిమిషాలు వేడి మీద ఉండాలి. ఒక నిమిషం తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే మాడుతుంది. ఆయన నన్ను నొక్కి వేరే పనిలో పడతాడు. అది ఏ కంపెనీ బండిదో, ఎవరి బండిదో చూడడు. ఎవరికైనా ఏడు నిమిషాలే. వచ్చేవి మాత్రం ఎక్కువగా తుఫానులే.

ఆరు నిమిషాలు దాటి నా ముల్లు పన్నెండో సెకను దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి పనిలో ఆగిపోతుంది. తలెత్తి నన్ను చూస్తాడు. పన్నెండు సెకన్లు, ఒక టిక్కు. అక్కడ ఆగిపోవాలని ప్రతిసారీ అనుకుంటాను. నన్ను ఆపే బొడిపె నా చేతిలో లేదు. రెండు టిక్కులు, మూడు టిక్కులు, ముల్లు ముందుకు పోతుంది. ఆయన తల దించుకుని మళ్ళీ రెంచీ అందుకుంటాడు.